డ్రమ్స్ చేయించుకోవాలా? ముందు నా 85 వేల కథ వినండి!

మూడేళ్ల కిందట ఓ డ్రమ్ కిట్ చేయించుకుందామని 85 వేలు అడ్వాన్స్ కట్టాను. ఆ కిట్ ఇప్పటికీ రాలేదు. ఇక రాదని కూడా తెలుసు. అయినా ఆ మనిషి వాట్సాప్‌లో డీపీ మార్చినప్పుడల్లా ఓసారి చూస్తుంటా. మొన్నటిదాకా కొత్త బైకు ఉండేది. ఇప్పుడు ఎవరో పాప పుట్టినరోజు కేకు.

ఈ సంగతి ఇంట్లో ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇంతమందికి చెప్పడానికి కారణం ఉంది. ఈమధ్య ఇన్‌స్టాలో నా వీడియోలు చూసి ‘బ్రో, ఈ కస్టమ్ కిట్ ఎవరి దగ్గర చేయించావు? నంబర్ ఇవ్వవా?’ అని మెసేజ్‌లు వస్తున్నాయి. నంబర్ ఇచ్చేస్తే ఒక్క నిమిషం పని. కానీ మొదటిసారి నేను కూడా అలాగే ఎవరో ఇచ్చిన నంబర్ పట్టుకునే వెళ్లాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్న 28 ఏళ్లు బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ వాయించాడు. పెళ్లి ఊరేగింపుల్లో ఎర్ర కోటు వేసుకుని ముందు వరసలో నడిచేవాడు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో జావా రాసుకుంటున్నా. మెకానికల్‌కీ జావాకీ ఏంటి సంబంధమని అడక్కండి, నా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ. శనివారాలు మాత్రం నలుగురం కలిసి కేఫుల్లో, పబ్బుల్లో, సంగీత్ ఫంక్షన్లలో వాయిస్తాం. అందులో డ్రమ్స్ నావి.

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న అయిదు డ్రమ్ముల కిట్. దాని బాస్ డ్రమ్ 22 అంగుళాలు. దాన్ని కారులో పెడితే కీబోర్డు వాయించేవాడు ఆటోలో రావాలి. ఎంత ట్యూన్ చేసినా టామ్‌లు ఖాళీ డబ్బాల్లా మోగేవి. చిన్నదీ, నా కారులో పట్టేదీ, బాగా మోగేదీ ఒకటి చేయించుకుందామనిపించింది. షాపుల్లో అలాంటి చిన్న సైజులవి ఉంటే చవకరకం, లేకపోతే ఆర్డర్ మీద తెప్పించాల్సినవి. అలా కస్టమ్ మీద పడింది మనసు.

‘డన్ బ్రో’

మొదటి మనిషి ఇన్‌స్టాలో దొరికాడు. వేరే రాష్ట్రం. పేజీ నిండా ఫొటోలే. ఒక్కో కిట్ పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. తెలిసిన ఓ గిటారిస్టు ‘మంచోడే’ అన్నాడు. ఆ గిటారిస్టు అతని దగ్గర ఏమీ కొనలేదని తర్వాత తెలిసింది.

మేపుల్ చెక్క కావాలన్నా. డన్ బ్రో అన్నాడు. పైన బుబింగా పొర కావాలన్నా. డన్ బ్రో. ఫ్లోర్ టామ్ 15 అంగుళాలు? డన్. ఆరు వారాల్లో? డన్. 15 అంగుళాలకి సరిపడే హెడ్, అంటే పైన బిగించే ఆ ప్లాస్టిక్ పొర, మామూలు షాపుల్లో వెతికినా ఒక పట్టాన దొరకదని ఆ రోజు నాకు తెలీదు. అతనికి తెలిసే ఉండాలి. చెప్పలేదు.

రంగు మీద మాత్రం పదకొండు రోజులు చర్చించాం. నీలం మెరుపులా, ఆకుపచ్చ మెరుపులా అని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, ఈ విషయంలో నాకు పెద్ద తోడే ఉంది. 1963లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ లండన్‌లో డ్రమ్ సిటీ అనే షాపుకెళ్లి లుడ్‌విగ్ కిట్ ఎంచుకున్నది కూడా రంగు చూసే. బ్లాక్ ఆయిస్టర్ పెర్ల్ అనే ఆ నలుపు-తెలుపు చారల ఫినిష్ ఆయనకి నచ్చేసింది. అదృష్టం కొద్దీ కిట్ కూడా మంచిదే. బాస్ డ్రమ్ 20 అంగుళాలు, టామ్ 12, ఫ్లోర్ టామ్ 14. చిన్న కిట్‌తో పెద్ద పేరు రాదనుకునేవాళ్లకి ఇది చూపిస్తుంటాను. తేడా ఏంటంటే రింగో ఎదురుగా నిజంగా ఓ షాపు ఉంది, ఓ కంపెనీ ఉంది. నా ఎదురుగా ఫోన్ స్క్రీన్ ఉంది.

ఆరు వారాలు అయిపోయాయి. జిగురు ఆరలేదన్నాడు. వానలన్నాడు. వాళ్లమ్మకి ఒంట్లో బాలేదన్నాడు. అది నిజమే అయ్యుండొచ్చు, ఆ రోజు నేను ‘టేక్ కేర్ బ్రో’ అని కూడా పెట్టాను. అయిదో నెలలో ఓ రాత్రి నిద్ర పట్టక అతని పేజీలో ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతికా. నేను మనసు పారేసుకున్న మూడు కిట్లూ అమెరికాలో వేరే బిల్డర్ చేసినవి.

బిల్లు లేదు. డబ్బు వెళ్లింది అతని పర్సనల్ యూపీఐకి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను కానీ, ఆ నంబర్‌కి డబ్బు పోయిన గంటల్లో చేస్తే ఉపయోగం. అప్పుడైతే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఉంటుంది. నేను చేసింది ఆరు నెలల తర్వాత.

ఆ చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఆఫీసులో బగ్ వెతికినట్టు మొదట్నుంచీ చదివా. 412 మెసేజ్‌లు. వాటిల్లో అతను నన్ను అడిగిన ప్రశ్నలు రెండే రెండు. ‘కలర్ ఏంటి బ్రో?’, ‘పేమెంట్ అయిందా?’

నేనేం వాయిస్తాను, ఎక్కడ వాయిస్తాను, ఎంత గట్టిగా కొడతాను, పాత కిట్‌తో నాకున్న ఇబ్బందేంటి... ఒక్కటీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆఫీసులో ఏం కావాలో చెప్పకుండా ‘రెండు వారాల్లో యాప్ కావాలి’ అనే క్లయింట్లని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఇక్కడ ఆ క్లయింట్‌ని నేనే.

మీరట్ వెళ్లిన బ్యాండు మాస్టారు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నకి చెప్పేశా. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ‘నాన్నా, డ్రమ్స్‌కి డబ్బు కట్టి మోసపోయా’ అన్నా.

‘ఎంతరా?’

‘85 వేలు.’

‘ఎంతా?’

నాన్నకి చెవులు సరిగా వినపడవు. 28 ఏళ్లు ఒక పక్క ట్రంపెట్లు, ఇంకో పక్క పెద్ద డ్రమ్ము, మధ్యలో ఈయన. అందుకని ఆ అంకెని అరిచి చెప్పాల్సొచ్చింది. రెండోసారికి పక్కింటి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. మూడోసారి అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. మా వీధిలో నా పరువు పోవడానికి సరిగ్గా మూడు అరుపులు పట్టింది.

అమ్మ తిట్టింది. నాన్న తిట్టలేదు. కాసేపాగి అడిగాడు.

‘ఆడు నిన్ను చూశాడా?’

‘లేదు. ఆన్‌లైన్‌లోనే.’

‘నువ్వు వాయిత్తంటే విన్నాడా?’

‘లేదు.’

‘మరెలా చేత్తాడ్రా? కొలతలు తీసుకోకుండా దర్జీ చొక్కా కుడతాడా?’

అప్పుడు చెప్పాడు మీరట్ సంగతి. నాకు అప్పటిదాకా తెలీదు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో జలీ కోఠీ అనే పేట ఉంది. దేశంలో పెళ్లి బ్యాండ్లు వాయించే ట్రంపెట్లు, యూఫోనియమ్‌లు, డ్రమ్ములు చేసే వర్క్‌షాపులకి పేరున్న చోటు. మా నాన్న వాళ్ల బ్యాండు మాస్టారు డ్రమ్ములు కొనడానికి అక్కడికి రైల్లో వెళ్తూ నాన్నని కూడా తీసుకెళ్లాడట. ‘వాయించేవోడు లేకుండా డ్రమ్ము కొంటే అది నా డ్రమ్మవుద్ది, నీది కాదు’ అన్నాడట. హిందీ ఇద్దరికీ రాదు. అక్కడ పనివాడు నాన్న మెడలో బెల్టు వేసి, డ్రమ్ము తగిలించి, పుల్లలు చేతికిచ్చి, సందులో అటూ ఇటూ నడుస్తూ వాయించమన్నాడట. నాన్న పొట్టి. నడిచినప్పుడు డ్రమ్ము అంచు తొడకి తగులుతోందని చూసి, కొక్కెం ఉన్న చోటు మార్చి, ఇంకోసారి నడిపించాడట. రెండు రోజులు అక్కడే ఉండి డ్రమ్ములతో పాటే తిరుగు రైలెక్కారు.

‘పద్నాలుగేళ్లు వాయించాను దాన్ని. ఒక్క రోజు తొడకి తగల్లేదు’ అన్నాడు నాన్న.

రెండోసారి వెతుకులాట

ఆ తర్వాత ఏడాది డబ్బు దాచుకున్నా. ఆ ఏడాదంతా చదివా కూడా. ఎక్కువమంది పడే గుంతలో నేనూ పడ్డాను, దాని పేరు చెక్క పిచ్చి. మేపుల్ అన్ని శబ్దాల్నీ సమానంగా ఇస్తుంది, బర్చ్ దెబ్బని స్ఫుటంగా వినిపిస్తుంది, మహాగనీ కింది స్థాయిని నిండుగా ఇస్తుంది అంటారు. అబద్ధం కాదు. కానీ మాలాంటి మామూలు చెవులకి వినపడే తేడా ముందు డ్రమ్ సైజులోనూ, హెడ్‌లోనూ, ట్యూనింగ్‌లోనూ, ఆ తర్వాత బేరింగ్ ఎడ్జ్‌లోనూ ఉంటుంది. చెక్క వంతు వచ్చేది వాటి తర్వాతే. మెరుపు రంగు వంతైతే అసలు రాదు.

బేరింగ్ ఎడ్జ్ అంటే డ్రమ్ము గుల్ల పై అంచు. గుల్లని షెల్ అంటారు. హెడ్ వచ్చి కూర్చునేది ఆ అంచు మీదే. అంచుని 45 డిగ్రీల్లో పదునుగా కోస్తే హెడ్ సన్నటి గీత మీద ఆనుతుంది. శబ్దం ప్రకాశంగా, ఎక్కువసేపు మోగుతుంది. అదే అంచుని గుండ్రంగా తీస్తే హెడ్ ఎక్కువ చోట ఆనుతుంది. శబ్దం మెత్తగా, త్వరగా ఆగుతుంది. ఏదైనా ఫర్వాలేదు కానీ అంచు మొత్తం ఒకే మట్టంలో ఉండాలి. ఒక చోట అర మిల్లీమీటరు పల్లం ఉన్నా అక్కడ హెడ్ సరిగా ఆనదు, ఎన్నిసార్లు తిప్పినా ట్యూన్ కుదరదు. ఇంకో సంగతి, 14 అంగుళాల డ్రమ్ షెల్ అచ్చంగా 14 ఉండకూడదు. కాస్త తక్కువుండాలి. అప్పుడే హెడ్ దాని మీద బిర్రుగా ఇరుక్కోకుండా వదులుగా కూర్చుంటుంది.

షెల్ చేసే పద్ధతులు కూడా ఒకటి కాదు. పల్చటి చెక్క పొరల్ని నార అడ్డదిడ్డంగా వచ్చేలా ఒకదాని మీద ఒకటి అతికి, గుండ్రటి అచ్చులో బిగించేవి ప్లై షెల్స్. మార్కెట్లో ఎక్కువ ఇవే. పీపాలాగా నిలువు పలకల్ని పక్కపక్కన అతికి, తిప్పి నునుపు చేసేవి స్టేవ్ షెల్స్. ఒకే పలకని ఆవిరితో మెత్తబరిచి చుట్టేసేవి స్టీమ్ బెంట్. అమెరికాలో 1854 నుంచి డ్రమ్ములు చేస్తున్న నోబుల్ అండ్ కూలీ పేరు ఈ చివరి రకంలోనే ఎక్కువ వినిపిస్తుంది.

కస్టమ్ అన్నాం కదా అని ప్రతి బిల్డరూ షెల్ తనే చేస్తాడనుకోవద్దు. న్యూహాంప్‌షైర్‌లోని కెల్లర్ కంపెనీ షెల్స్‌ని అమెరికాలో ఎంతోమంది చిన్న బిల్డర్లు దశాబ్దాలపాటు కొని, అంచులు కోసి, రంగులేసి, తమ బ్యాడ్జీ కొట్టి అమ్మారు. అందులో మోసమేమీ లేదు. దర్జీ గుడ్డ నెయ్యడు కదా. కాకపోతే అడిగితే చెప్పాలి.

పెద్ద కంపెనీల వైపు కూడా చూశా. కాలిఫోర్నియాలోని డీడబ్ల్యూ అయితే ఒక్కో షెల్‌ని తట్టి, అది పలికే స్వరాన్ని బట్టి కిట్‌గా జతపరిచి, ఆ స్వరాన్ని షెల్ లోపల ముద్ర వేస్తుంది. చదవగానే ఒళ్లు పులకరించింది. జర్మనీ సోనర్ వాళ్ల ఎస్‌క్యూ2లో చెక్క, మందం, సైజు, లోపలి పొర, పై పొర అన్నీ మనమే ఎంచుకోవచ్చు. డీలర్‌ని రేటు అడిగాక పులకరింత ఆగిపోయింది. నా ఏడాది ఇంటద్దె దాటేసింది.

డాలస్‌లో ఉన్న ఇంజినీరింగ్ ఫ్రెండ్ ‘ఇక్కడ ఓ చిన్న బిల్డర్ ఉన్నాడ్రా, పంపిస్తా’ అన్నాడు. కొరియర్ లెక్క వేశాం. విమానంలో పంపేటప్పుడు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 18 అంగుళాల బాస్ డ్రమ్ పెట్టె 55, 55, 50 సెంటీమీటర్లు అనుకోండి. 30 కిలోలు దాటుతుంది. డ్రమ్ అసలు బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు. అంటే మనం కొరియర్ వాళ్లకి కట్టేది గాలికి. దాని పైన కస్టమ్స్ డ్యూటీ, దాని పైన జీఎస్టీ. మన చేతిపని మృదంగానికీ, తబలాకీ జీఎస్టీ లేదు కానీ డ్రమ్ కిట్‌కి ఆ మినహాయింపు లేదు. ఇంత చేసి, వచ్చాక అంచు తేడా ఉంటే మళ్లీ డాలస్ పంపాలి. వద్దనుకున్నా.

టార్చ్ లైట్ పరీక్ష

చివరికి దొరికింది బెంగళూరులో. ఫర్నిచర్ తయారుచేసే షెడ్డు వెనక ఇద్దరు మనుషులు, నాలుగు మెషీన్లు. ఆయనది కోలారు వైపు, తెలుగు కన్నడ కలిపి మాట్లాడతాడు. ఇన్‌స్టాలో ఆయన పేజీ చూస్తే ఎవరూ ఆర్డర్ ఇవ్వరు. ఫొటోలన్నీ ట్యూబ్ లైటు కింద తీసినవే.

మొదటి ఫోన్ కాల్ యాభై నిమిషాలు. అందులో సగం ఆయన ప్రశ్నలే. ఏ పాటలు వాయిస్తారు సార్? మైకులు పెడతారా, పెట్టరా? హాలు ఎంత? ఏ కారు? మెట్లెక్కించేది ఎవరు? పాత కిట్ ఏ కంపెనీ, ఏ హెడ్లు వేశారు, ఎప్పుడు మార్చారు? రెండేళ్లయిందన్నా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ‘మీరు వాయించింది ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి. బాగుండక్కర్లా, మామూలుగా వాయించండి’ అన్నాడు.

పంపా. మర్నాడు ఫోన్. ‘కొత్త కిట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ పాత 12 టామ్ పట్టుకుని రండి.’

టామ్‌ని దుప్పట్లో చుట్టి రాత్రి బస్సెక్కా. పక్క సీటాయన ‘కుక్కరా బాబూ?’ అని అడిగాడు.

షెడ్డులో ఆయన హెడ్లు ఊడదీసి, షెల్‌ని నల్ల గ్రానైట్ పలక మీద బోర్లించాడు. చూడగానే గుర్తుపట్టా, మా కాలేజీ వర్క్‌షాపులో సర్ఫేస్ ప్లేట్ అది. మట్టం చూడటానికే తయారుచేసిన పలక. నాలుగేళ్ల మెకానికల్ చదువు పనికొచ్చిన మొదటి నిమిషం అదేనేమో. షెల్ లోపల చిన్న టార్చ్ పెట్టి, షట్టర్ దించి, లైట్లార్పాడు. చీకట్లో టామ్ అంచు కింద నుంచి మూడు చోట్ల వెలుగు గీతలు బయటికొచ్చాయి. పాత ఇళ్లల్లో తలుపు సందుల్లోంచి పొద్దున్నే ఎండ వస్తుందే, అచ్చం అలాగ.

‘మీ చెయ్యి బానే ఉంది సార్. ఇదీ ప్రాబ్లం’ అన్నాడు.

ఎమెరీ కాగితం అతికించిన పలక మీద అంచుని రుద్ది మట్టం చేసి, రౌటర్‌తో మళ్లీ కోసి, మైనం రాసి, కొత్త హెడ్ వేశాడు. రెండు గంటలు పట్టింది. కొడితే నేను అయిదేళ్లుగా తిట్టుకుంటున్న టామ్ కాదది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇది చేయించుకోవడానికి అయింది 1,500. పోగొట్టుకున్నది 85 వేలు.

‘ఇంక కొత్తది కావాలో వద్దో ఇంటికెళ్లి ఆలోచించుకోండి’ అని పంపించేశాడు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేవాణ్ని నేను మొదటిసారి చూడటం.

మూడు వారాలు ఆలోచించా. నిజాయితీగా చెప్పాలంటే సౌండ్ కోసం కొత్త కిట్ అక్కర్లేదు. ఇది చదివేవాళ్లలో చాలామందికి కూడా అక్కర్లేకపోవచ్చు. ముందు హెడ్లు మార్చండి, అంచులు చూపించండి. నాకు మాత్రం కారు సమస్య అలాగే ఉంది. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆయన రెండోసారి ఫోన్‌లో అడిగిన ప్రశ్నలోంచి వచ్చింది.

‘ఈ కిట్ ముఖ్యంగా ఎవరు వినాలి సార్?’

సరదాగా ‘మా నాన్న’ అన్నా. ఆయన సరదాగా తీసుకోలేదు. ‘ఆయన ఏం వాయిస్తారు? ఏం ఇష్టం?’ అని అడిగాడు. చెవుల సంగతి చెప్పా.

పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు ముందు పై స్థాయి శబ్దాల్ని తినేస్తుంది, ముఖ్యంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. సింబల్ మెరుపు, స్నేర్ చరచర, మాటల్లో స, ష లాంటివి పోతాయి. కింది స్థాయి శబ్దాలు చాలాకాలం మిగులుతాయి. నేను వాయిస్తే నాన్న చెయ్యి ఫ్లోర్ టామ్ మీద పెట్టి ‘ఇది వినపడతంది’ అనేది అందుకే. అమెరికాలోని నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. డ్రమ్ కిట్ ముందు కూర్చుంటే 100 దాటడం ఎంతసేపు? నాన్న కాలంలో ఎవరూ చెప్పలేదు. ఇయర్ ప్లగ్స్ లేకుండా ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కిట్ కంటే ముందు అవి కొనండి. (85 అనే అంకె నన్ను వదిలేలా లేదు.)

అలా స్పెసిఫికేషన్ తయారైంది. 18 బాస్, 12 టామ్, ఫ్లోర్ టామ్ మాత్రం నేననుకున్న 14 కాదు, 16. మహాగనీ షెల్స్, గుండ్రటి అంచులు. స్నేర్ కూడా చేయమంటే ‘ఉన్నది బానే ఉంది, డబ్బు దండగ’ అన్నాడు. బుబింగా పొర అంటే ‘బరువు మోసేది మీరే కదా’ అన్నాడు. 15 అంగుళాల మాట ఈసారి నేనే ఎత్తలేదు. షెల్స్ బయటి నుంచి తెప్పిస్తానని, అంచులు, డ్రిల్లింగ్, ఫినిషింగ్ తన పనని అడక్కముందే చెప్పాడు. ట్యూనింగ్ రాడ్లు మామూలు 12-24 థ్రెడ్‌వే వేస్తానన్నాడు. అవైతే ఒకటి పోయినా చాలా షాపుల్లో దొరుకుతుంది. వింత థ్రెడ్ వేసినవాడి చుట్టూ జీవితాంతం తిరగాలి.

మొత్తం 1,35,000. షెల్స్ వచ్చాక 30 శాతం, అంచులు కోసి, రంగు వేశాక 40, వాయించి చూసుకున్నాక మిగతాది. ప్రతి దఫాకీ బిల్లు. ఫొటో పంపినప్పుడల్లా షెల్ మీద నా పేరు, తేదీ రాసిన చీటీ ఉండాలన్నా. నవ్వి ‘ఎవరో బాగా దెబ్బ కొట్టినట్టున్నారు’ అన్నాడు. శుక్రవారం శుక్రవారం ఫొటో వచ్చేది.

పద్నాలుగు వారాలన్నది పందొమ్మిది పట్టింది. తొమ్మిదో వారంలో శుక్రవారం కాకుండా మంగళవారమే ఫోన్ చేశాడు. టామ్ షెల్‌కి ఒక రంధ్రం తప్పు చోట పడిందట. ‘పూడ్చి రంగేస్తే మీకు తెలీదు. కానీ నాకు తెలుసు కదా. వేరే షెల్ తెప్పిస్తున్నా, లేటవుద్ది’ అన్నాడు. ఆ రోజు కాల్ కట్ చేశాక ఆఫీసు క్యాంటీన్‌లో ఫ్రెండ్స్‌కి టీ ఇప్పించా. ఎందుకో వాళ్లకి చెప్పలేదు.

చివరి వాయిదా కట్టే ముందు నేనే వెళ్లి షెడ్డులో గంటసేపు వాయించా. హెడ్లు విప్పమని అడగడానికి మొహమాటపడుతుంటే ఆయనే విప్పి, టార్చ్ నా చేతికిచ్చి, షట్టర్ దించాడు. మూడు షెల్సూ, రెండు వైపులా. చీకటి చీకటిలానే ఉంది. టేపుతో నాలుగు దిక్కులా వ్యాసం కొలిస్తే ఎక్కడా మిల్లీమీటరు మించి తేడా రాలేదు. రంగు సంగతంటారా, గోధుమ రంగు. నూనె రాసిన చెక్క రంగే. మెరుపేం లేదు.

మొన్న సంక్రాంతికి 16 అంగుళాల ఫ్లోర్ టామ్‌ని కారు వెనక సీట్లో పెట్టి, సీటు బెల్టు వేసి ఊరికి తీసుకెళ్లా. అరుగు మీద పెట్టా. నాన్న చుట్టూ తిరిగి చూశాడు. అంచు మీద వేలు పెట్టి చుట్టూతా రాశాడు. ట్యూనింగ్ కీ అడిగి తీసుకుని ఒక్కో రాడ్ కాస్త కాస్త వదులు చేసుకున్నాడు. నేను అంత కిందికి ఎప్పుడూ ట్యూన్ చెయ్యలేదు. ఎడమ చేత్తో పుల్లని సైడ్ డ్రమ్ వాళ్లు పట్టుకునే పద్ధతిలో అరచేయి పైకి పెట్టి పట్టుకుని, ఊరేగింపు నడక వాయించాడు. ముందు మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా. పక్కింటి అత్తయ్య మళ్లీ గుమ్మంలోకి వచ్చింది.

ఆపి, నా వైపు చూసి గట్టిగా అడిగాడు.

‘బిల్లు ఇచ్చాడా?’

ఇచ్చాడన్నా. ‘ఏదీ?’ అని కళ్లద్దాలు తెప్పించుకుని, మొదటి లైను నుంచి చివరి సంతకం దాకా చదివి, మడిచి నా జేబులో పెట్టాడు. మళ్లీ పుల్లలు తీసుకున్నాడు.